దొరల బంగళాలు, మన బిడ్డలు

కార్తికము మొదలుకొని సంక్రాంతి వఱకు మన ప్రాంతమున పాఠశాలలకు యాత్రాకాలము. ఈ దినములలో అన్నవరము రైలుస్టేషనునందు గాని, రత్నగిరి పాదమునందు గాని కొంతసేపు నిలిచి చూచినవారికి, ఒకే రంగు బట్టలు ధరించి, ఇద్దరిద్దరుగా చేతులు పట్టుకొని నడచు బాలబాలికల గుంపులు కానవచ్చును. వారు సత్యదేవుని దర్శించి, పంపానది యొడ్డున పులిహోర పొట్లములు విప్పి భుజించి, మరల బస్సులెక్కి గోదావరి వైపు పోవుదురు. ధవళేశ్వరమున ఆనకట్టను, కాటను దొర పేర వెలసిన ప్రదర్శనశాలను చూచి, రాజమహేంద్రవరమున వంతెనలను చూచి, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట ఇండ్లకు చేరుదురు. ఇది మంచి యాచారము. పుస్తకమున చదివినదానిని కన్నులతో సరిచూచుకొనినగాని చదువు స్థిరపడదు. 2020 నాటి జాతీయ విద్యావిధానము సయితము దేశమున నూఱు యాత్రాస్థలములను ఎన్నుకొని విద్యార్థులను పంపవలెనని చెప్పియున్నది.

మేమిప్పుడు విచారింపదలచినది యాత్రను గూర్చి కాదు. యాత్రలో బిడ్డలకు చెప్పబడుచున్న మాటను గూర్చి. వారు చూచు పాత కట్టడములలో పెక్కులు విదేశీయుల పాలనాకాలమున, విదేశీయుల యవసరములకై లేచినవి. కలెక్టరు బంగళాలు, కచ్చేరీలు, రెసిడెన్సీలు, క్లబ్బులు, పోలీసు ఠాణాలు, ఇంజనీర్ల వసతిగృహములు మొదలగునవన్నియు నిట్టివే. మన ముత్తాతలు చెప్పులు విడిచి, తలపాగ సవరించుకొని, అర్జీ చేతబట్టుకొని యే వాకిండ్ల నిలిచియుండిరో, ఆ వాకిండ్లలో వారి మునిమనుమలు నేడు నవ్వుచు ప్రవేశించుచున్నారు. స్వాతంత్ర్యమనగా నిది యొకటి. కాని లోపల ప్రవేశించిన బిడ్డకు మనమేమి చెప్పుచున్నాము? ఈ ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, రాబోవు తరము తన దేశమును గూర్చి యేమి తలంచునో దీనిపై నాధారపడియున్నది.

రెండు తప్పుదారులు

మొదటి తప్పుదారి ఆశ్చర్యమార్గము. స్తంభములెంత యెత్తున్నవి, ద్వారములెంత వెడల్పున్నవి, దొరగారి కుర్చీ యేది, భోజనపు బల్ల యేది అని చూపుచు, "ఆహా" యనిపించి పంపుట. కొంతకాలము క్రిందట మేము ధవళేశ్వరమునందుండగా ఒక పాఠశాలవారు వచ్చిరి. ఉపాధ్యాయుడొకడు ముందు నడచుచు మూడు తేదీలు చెప్పెను. పిల్లలు వానిని వ్రాసికొనిరి. ఒక బాలిక మాత్రము ఆనకట్ట పటమును చాలసేపు చూచి, "ఈ రాళ్లన్నియు ఎవరు మోసిరండీ?" యని యడిగెను. ఆయన గడియారము చూచుకొని, "కూలీలు మోసిరమ్మా, బస్సుకు వేళయినది పద" మనెను. ఆయనను మేము నిందింపము. నలువదిమంది బిడ్డలను చీకటి పడకముందు ఇండ్లకు చేర్చవలసిన భారము ఆయనపై నున్నది. ఆ ప్రశ్నకు సమాధానము ఆయనకెవరు నేర్పిరి? ఏ పలకపై వ్రాసియున్నది? అయినను ఆ దినమున అక్కడ పుట్టిన చరిత్రపాఠమంతయు ఆ బాలిక ప్రశ్నయే. అది బస్సు చప్పుడులో కలిసిపోయినది.

రెండవ తప్పుదారి రోషమార్గము. "అవి మన దాస్యమునకు గుర్తులు, వానిని బిడ్డలకు చూపనేల? కూలిపోవుచున్న వానిని కూలనిండు" అనువారు కొందఱు గలరు. ఈ మాటలో దేశాభిమానము లేకపోలేదు. కాని ఆలోచన తక్కువ. గాయపు మచ్చను చెరిపివేసినంతమాత్రమున దెబ్బ తగులలేదని యగునా? గోడ కూలినచో దానితోడ సాక్ష్యము కూడ కూలును. ఆ యింటి సున్నము మన సున్నము. ఆ దూలము మన యడవి టేకు. ఆ యిటుకలను కాల్చినవారు మన కుమ్మరులు. దాని వ్యయము మన రైతు చెల్లించిన శిస్తు. మన సొత్తును మనమే పరాయిదని త్రోసివేయుట రోషము కాదు, మఱపు.

ఈ రెండు దారులకు నడుమ మూడవది కలదు. బిడ్డను లోపలికి తీసికొనిపోయి, ప్రశ్నలు వేయించుట. ఈ యిల్లు ఎవరి సొమ్ముతో లేచినది? ఎవరి చేతులు కట్టినవి? ఇందు కూర్చుండి ఏయే యుత్తరువులు వ్రాసిరి? ఆ యుత్తరువులచే మేలు పొందినదెవరు, కీడు పొందినదెవరు? ఈ నాలుగు ప్రశ్నలు చాలును. ఇవి తెలిసిన బిడ్డ ఏ భవనము ముందు నిలిచినను బానిసవలె అబ్బురపడడు, మూర్ఖునివలె రాయి విసరడు.

ధవళేశ్వరము చెప్పు పాఠము

మా మాట మన యింటి యుదాహరణముతోనే పరీక్షింతము. కాటను దొరను గూర్చి డెల్టా రైతు మనసున గల భక్తి కృత్రిమము కాదు. ప్రతి సంవత్సరము మే 15వ తేదీన ఆయన జన్మదినమున విగ్రహములకు పూలదండలు పడుచున్నవి. ప్రభుత్వోత్తరువు లేకయే జనులు ఒక విదేశీయుని ఇట్లు తలంచుట అరుదు. ఈ కృతజ్ఞతను మేము తగ్గింపనెంచలేదు. కాని కృతజ్ఞత పూర్ణచరిత్రకు ప్రత్యామ్నాయము కాదు.

ఆనకట్టకు పూర్వస్థితి యెట్టిది? 1821లో రాజమహేంద్రవరము జిల్లా జనసంఖ్య సుమారు 7 లక్షల 38 వేలు. 1841 నాటికి అది 5 లక్షల 61 వేలకు దిగినది. ఆ నడుమ 1832-33లో నందననామ సంవత్సరపు కఱవు, 1839లో సముద్రతీరమును ముంచిన తుపాను వచ్చినవి. ఇవి దైవికములు. కాని దైవికములు కానివి కూడ నున్నవి. ఇంజరమునను, నరసాపురము చెంతనున్న మాధవాయిపాలెమునను ఇంగ్లీషు కంపెనీవారి బట్టల కోఠీలుండెడివి. మాధవాయిపాలెపు పేరు ఐరోపాభాషలలో ఒక జాతి నూలుబట్టకే పేరయినది. నేటికిని వారి నిఘంటువులలో ఆ మాట గలదు. 1830 ప్రాంతమున కంపెనీ తన కొనుగోళ్లను మానుకొనగా, లాంకషైరు మరల బట్ట వచ్చి పడగా, మగ్గముల నమ్ముకొన్న కుటుంబములు వీధిన బడెను. శిస్తు మాత్రము తగ్గలేదు. చెరువులు, కాలువలు మరమ్మతులేక పూడిపోయెను. జమీందారీలు బాకీలకు వేలమునకు వచ్చెను. రాబడి పడిపోవుచున్నదని కంపెనీకి దిగులు పుట్టి, సర్ హెన్రీ మాంట్‌గోమరీని విచారణకు పంపెను. ఆయన 1844లో నివేదిక సమర్పించెను. అప్పుడుగాని ఆనకట్ట యాలోచనకు చోటు దొరకలేదు.

కనుక ఆనకట్ట పుట్టుకలో రెండు సత్యములు కలిసియున్నవి. ప్రజలు ఆకలిచే చచ్చుచుండగా కనికరించిన ఇంజనీరు ఒకడు. తఱిగిన శిస్తును మరల పెంచుకొనదలచిన వర్తకప్రభుత్వము ఒకటి. మొదటిదానిని చెప్పి రెండవదానిని దాచుట ప్రశంస. రెండవదానిని చెప్పి మొదటిదానిని దాచుట ద్వేషము. బిడ్డలకు రెండును చెప్పవలెను. పైగా కాటను స్వయముగా తన ప్రభుత్వపు ముఖస్తుతి చేసినవాడు కాడు. ప్రజోపయోగ నిర్మాణములను ఉపేక్షించి దేశమును దరిద్రమున ముంచితిరని గ్రంథములు వ్రాసెను. రైళ్లకు ధనమును గ్రుమ్మరించి కాలువలకు పిడికిలి బిగించుట తగదని వాదించి, 1878లో పార్లమెంటు ఉపసంఘము ముందు ప్రశ్నలకు గురియయ్యెను. దొరను పొగడువారు దొర చెప్పిన ఈ మాటను మాత్రము బిడ్డలకు చెప్పరు!

ఇక ఆ బాలిక ప్రశ్నకు వత్తము. 1847లో పని యారంభమై 1852లో ముగిసినది. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, నడుమ లంకలను కలుపుకొనుచు, గోదావరి కడ్డముగా రాతిగోడ లేచినది. పని ముమ్మరముగా నున్నప్పుడు పదివేలమంది వఱకు కూలీలు ఒక్కమాఱు పనిచేసిరి. ధవళేశ్వరపు కొండను పగులగొట్టి రాయి తీసిరి, సున్నము కాల్చిరి, పడవలపై నది నడుమకు మోసిరి. వారి పేర్లు ఏ రాతిపైనను లేవు. పేరు మిగిలిన కొలదిమంది తెలుగువారిలో వీణెం వీరన్న ముఖ్యుడు. ఆయన కాటనుకు తొలినుండి చేదోడువాదోడై, కూలీలను సమకూర్చి, పనులను నడిపించి, రాయబహద్దరు బిరుదు నందెను. ధవళేశ్వరమునకు పోయివచ్చిన పిల్లలను ఈయన పేరడిగి చూడుడు. నూటికెందఱు చెప్పగలరో మీకే తెలియును.

ఆ పాత యానకట్ట స్థానమున 1970లో మొదలై 1982లో ముగిసిన బారేజీ నేడు సుమారు పదిలక్షల యెకరములకు నీరిచ్చుచున్నది. దానిని కట్టినవారు మన ఇంజనీర్లు, మన కూలీలు. 1986 ఆగస్టు వరదను తట్టుకొని నిలిచినది అదియే. పేరు మాత్రము కాటనుదే. పేరును మార్చుమని మేము కోరుట లేదు. ఆ పేరు క్రింద దాగిన రెండు తరముల శ్రమను బిడ్డలకు చెప్పుమని కోరుచున్నాము.

అన్నవరమునకు దగ్గరి చరిత్ర

దూరప్రయాణమెందులకు? అన్నవరమునకు అనతిదూరముననే, గొల్లప్రోలు సమీపమున, చందుర్తి యను గ్రామము గలదు. 1758 డిసెంబరులో అచ్చట ఇంగ్లీషువారికిని ఫ్రెంచివారికిని పోరు జరిగినది. వంగరాష్ట్రమునుండి రాబర్టు క్లైవు పంపిన కర్నలు ఫోర్డు, విజయనగరపు ఆనందగజపతి సేనతో కలిసి, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాను నోడించెను. మరుసటి సంవత్సరము బందరు ఇంగ్లీషువారి వశమయ్యెను. 1765లో క్లైవు ఢిల్లీ పాదుషావలన ఉత్తర సర్కారులకు ఫర్మానా పొందెను. 1766లో నిజాముతో ఒడంబడిక జరిగెను. మన నేలపై బంగళాలు లేచుటకు పునాది పడినది చందుర్తి పొలములలోనే. ప్రతిదినము ఆ దారిని పోవు బస్సులలో ఎన్ని యచ్చట క్షణకాలమైన నిలుచుచున్నవి?

కాకినాడకు పోయిన బిడ్డలకు సముద్రమును, ఓడరేవును చూపుదురు. 1907 మే నెలాఖరున అచ్చట జరిగినదానిని చెప్పువారు తక్కువ. బిపిన్ చంద్రపాలు గోదావరితీరమున ఉపన్యసించిపోయిన కొలదివారములకే, ఒక విద్యార్థి దారిలో పోవు జిల్లా వైద్యాధికారి కెంపు దొరను చూచి "వందేమాతర" మనెను. దొర ఆ బాలుని పట్టి కొట్టి పోలీసుల కప్పగించెను. ఆ రాత్రి జనులు ఆగ్రహించి యూరోపియనుల క్లబ్బుపై బడిరి. పలువురిపై కేసులు నడచినవి. ఆ సంవత్సరమే రాజమహేంద్రవరము ట్రెయినింగు కళాశాలనుండి గాడిచర్ల హరిసర్వోత్తమరావు ప్రభృతులు వందేమాతరోద్యమమున పాల్గొన్నందుకు బహిష్కృతులైరి. క్లబ్బుగోడల కథను, కళాశాల మెట్ల కథను ఆ వయసు పిల్లలకు చెప్పిచూడుడు. చరిత్ర వారికి నిద్ర తెప్పించునో, నిద్ర పోగొట్టునో తేలును.

అన్నవరమునకే యొక కథ గలదు. మన్యమున 1882 నాటి మద్రాసు అటవీశాసనము పోడుసేద్యమును నిర్బంధించినది. నర్సీపట్నము, లంబసింగి నడుమ రోడ్డు వేయుటకు మన్యపువారిచే చాలని కూలికి వెట్టిపని చేయించిరి. ఈ బాధలనుండి లేచినదే అల్లూరి సీతారామరాజు పితూరీ. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో వరుసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి ఇరువదియాఱు తుపాకులను గైకొనెను. 1923 ఏప్రిల్ 17వ తేదీన ఆయన కొలదిమంది యనుచరులతో అన్నవరము వచ్చి, ఠాణాను చూచి, కొండయెక్కి స్వామిని సేవించెను. జనులు ఆదరించిరి. ఆ యాదరణకు ఫలముగా ఇచ్చటి ప్రజలపై ప్రభుత్వము దండుగపన్ను విధించినది. 1924 మే 7వ తేదీన కొయ్యూరు చెంత ఆయనను కాల్చి చంపిరి.

1891లో వెలసిన ఆలయమునకు వచ్చు లక్షలాది భక్తులలో ఎందఱికీ వృత్తాంతము తెలియును? పిల్లలు మెట్లెక్కునప్పుడు, "ఈ కొండపై ఆయన నడచినాడు, మీ యూరివారు ఆయనకు నీళ్లిచ్చి ప్రభుత్వమునకు దండుగ కట్టిరి" అని చెప్పుటకు ఒక్క నిమిషము చాలును. దొరల ఠాణాను బిడ్డలకు చూపవలసినది అందున్న కొయ్యకుర్చీని చూచుటకు కాదు. తుపాకులున్న ఆ యింటికి తుపాకులు లేనివారు ఏల పోవలసివచ్చెనో తెలిసికొనుటకు.

ఇతరులు చేయుచున్న పని

ఇంగ్లండునందే ఈ విషయమై తర్జనభర్జన జరుగుచున్నదని మన పాఠకులు గుర్తింపవలెను. అచ్చటి పాత ప్రభువుల భవనములను పెక్కింటిని నేషనల్ ట్రస్టు అను సంస్థ పోషించుచున్నది. ఆ భవనములకు పాఠశాలల పిల్లలు గుంపులుగా పోవుట పరిపాటి. లెస్టరు విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు కొరిన్ ఫౌలరు నూఱుమంది ప్రాథమిక పాఠశాల పిల్లలను అట్టి భవనములకు కొనిపోయి, అందలి సామాగ్రి యెక్కడనుండి వచ్చినది, ఎవరి శ్రమచే వచ్చినది అని వారిచేతనే విచారింపజేసి, వారిచేతనే వ్రాయించెను. 2020 సెప్టెంబరులో ఆ ట్రస్టు తన యధీనముననున్న 93 స్థలములకు బానిసవర్తకముతో గాని, సామ్రాజ్యముతో గాని గల సంబంధములను ప్రకటించినది. పత్రికలలోను, పార్లమెంటులోను గగ్గోలు చెలరేగినది. ధర్మసంస్థల పర్యవేక్షకులు విచారించి, ట్రస్టు చట్టము మీఱలేదని 2021లో తేల్చిరి. సత్యము చెప్పినందుకు భవనములు కూలలేదు.

ఆ భవనములలో వేల్సునందలి పోవిస్ కోట యొకటి. అందు క్లైవు కుటుంబము కూడబెట్టిన భారతదేశపు వస్తువులున్నవి. రాబర్టు క్లైవు కుమారుడు ఎడ్వర్డు 1798 మొదలు 1803 వఱకు మద్రాసు గవర్నరు. శ్రీరంగపట్టణము పడినప్పుడు ఆ పదవియం దుండెను. టిప్పు సుల్తాను డేరా నేటికిని ఆ కోటయందే గలదు. చందుర్తి పొలమును, పోవిస్ కోటను ఒకే దారము కలుపుచున్నది. దాని రెండవ కొసను వేల్సు పిల్లలు పట్టుకొని ప్రశ్నించుచుండగా, మొదటి కొస యొద్దనున్న మన పిల్లలు ప్రశ్నింపకుండుట మనకు గౌరవమా?

మన తెలుగునేలలోనే హైదరాబాదు కోఠీ రెసిడెన్సీ గలదు. కర్క్‌పాట్రిక్ రెసిడెంటుగా నుండి 1803లో దీనిని కట్టింప నారంభించెను. భూమియు నిజాముదే, వ్యయమును నిజాముదే, అధికారము మాత్రము ఇంగ్లీషువారిది. దీనికంటె సామ్రాజ్యపు స్వభావమును తేటగా తెలుపు పాఠ్యపుస్తకము లేదు. 1857 జూలై 17వ తేదీన తుర్రెబాజ్ ఖాను, మౌల్వీ అల్లాఉద్దీను ఈ భవనముపైకి జనమును నడిపిరి. మొదటివానిని చంపిరి, రెండవవానిని అండమానునకు పంపిరి. 1949 మొదలు అచ్చట స్త్రీల కళాశాల నడచినది. నేడది చాకలి ఐలమ్మ పేర మహిళావిశ్వవిద్యాలయమైనది. సింహముల విగ్రహముల నడుమ దొరలు దిగిన మెట్లను, పల్లెలనుండి వచ్చిన తెలుగాడుబిడ్డలు పుస్తకములతో ఎక్కిరి. ఈ కథను తుదివఱకు చెప్పినచో వేఱుగా దేశభక్తి బోధింపనక్కరలేదు.

దొరల యిండ్లన్నియు ఒక్కటి కావు. కడపలో బ్రౌను దొర నివసించిన బంగళా స్థలమున నేడు ఆయన పేర గ్రంథాలయము గలదు. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు జోలెపట్టి శ్రమించి దానిని నిలిపిరి. ఆ బంగళాలో పండితులు కూర్చుండి తాళపత్రములను సరిచూచి, ప్రతులు వ్రాసి, శిథిలమగుచున్న తెలుగుకావ్యములను కాపాడిరి. ఈ మేలును మఱచుట కృతఘ్నత. కాని అచ్చట సయితము అదే ప్రశ్న వేయవలెను. ఆ పండితులెవరు? జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య మొదలగువారి పేర్లు బ్రౌను పేరు ప్రక్కన బిడ్డల నోట పలుకవలదా? బ్రౌను తనకు తోడ్పడినవారిని దాచినవాడు కాడు. దాచుచున్నది మనమే.

చేయవలసిన పని

ఈ విషయమున మా సూచనలు కొన్ని గలవు. ఇవి లక్షలు కోరునవి కావు.

మొదటిది: ప్రతి మండలమున విద్యాధికారులు, గ్రంథాలయములవారు కలిసి, తమ ప్రాంతమునగల పాత బంగళాలు, కచ్చేరీలు, కోఠీలు, ఠాణాలు ఏవో పట్టిక వేయవలెను. కేంద్రశాసనము 1958లోను, రాష్ట్రశాసనము 1960లోను పురాతన కట్టడముల రక్షణకై వచ్చినవి. కాని చిన్న యూళ్లలోని ఠాణా, కాలువగట్టు బంగళా వంటివి ఎవరి లెక్కలోను చేరక, కప్పు కూలి, తలుపులు మాయమై, తుదకు చిట్టడవి యగుచున్నవి. పట్టికలో పేరున్నచో కొంత భయమైనను కలుగును.

రెండవది: ప్రతి స్థలమున తెలుగున ఒక పలక నిలుపవలెను. అందు దొర పేరొక్కటియే గాక, వ్యయమెవరిది, శ్రమ యెవరిది, ఆ యింట జరిగిన మంచిచెడులేవి యను మాటలుండవలెను. ఉపాధ్యాయునకు ఒక్క పుట సారాంశము ముందుగా నందవలెను. తెలియనిదానిని చెప్పలేదని ఆయనను నిందించుట న్యాయము కాదు.

మూడవది: దొరయిల్లు చూపిన దినముననే మన యిల్లొకటి చూపవలెను. ధవళేశ్వరము చూచినవారు రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారి యింటిని చూడక మరలరాదు. 1881 డిసెంబరు 11వ తేదీన ఆంధ్రదేశమున తొలి వితంతువివాహము ఆయన జరిపించెను. ఏ సైన్యమును లేని యొక బడిపంతులు ఆ చిన్న యింటినుండి ఎంత పెద్ద కోటను కదలించెనో బిడ్డలకు తెలియవలెను. రెసిడెన్సీ చూచినవారు కోఠీలోని తుర్రెబాజ్ ఖాను స్మారకమును, మన్యపు ఠాణాను చూచినవారు కృష్ణదేవిపేటలోని అల్లూరి సమాధిని చూడవలెను.

నాలుగవది మిక్కిలి ముఖ్యమైనది. యాత్రకు రుసుము చెల్లింపగలిగిన బిడ్డలే బస్సెక్కుచున్నారు. చెల్లింపలేనివారు ఆ దినమున ఇంటనే యుందురు, లేదా పొలమునకు పోవుదురు. ఆనకట్ట రాళ్లు మోసిన వారి మునిమనుమలే ఆనకట్టను చూడ నోచుకొనకుండుట ఎంత సిగ్గుచేటు! పంచాయతీలు, దేవస్థానములు, భూస్వాములు ఈ భారమును వహింపవలెను. ఒక పెండ్లిపందిరి అలంకారమున కగు వ్యయముతో ఒక యూరి పాఠశాల యంతయు గోదావరిని చూచి రాగలదు.

తుదిమాట మా పాఠకులతోనే

ఇంతవఱకు దొరల యిండ్లను గూర్చి చెప్పితిమి. ఇక మన యిండ్ల మాట. కాలువనీరు వచ్చిన పిమ్మట డెల్టాలో లేచిన మండువాలోగిళ్లెన్ని లేవు? టేకుస్తంభములు, చెక్కడపు తలుపులు, నడుమ ఆకాశము కనబడు మండువా, ప్రక్కన ధాన్యపు గాదెలు. అవి కూడ ఆ కాలపు కట్టడములే. ఆ నీటి సొమ్ముతో లేచినవే. వానిని కట్టినవారును పేరులేనివారే. ఆ గాదెలను నింపిన పాలేరులకు మండువా గడప దాటు హక్కు ఎంతవఱకుండెనో మన పెద్దలకు తెలియును.

దొర బంగళాకు వేసిన నాలుగు ప్రశ్నలనే మన లోగిలికి వేయుటకు మనము సిద్ధపడినామా? మన యిండ్ల పెట్టెలలో పాత పట్టాలు, శిస్తు రసీదులు, కాలువ తగాదాల కాగితములు, పాలేరుల లెక్కలు చెదలు తినుచున్నవి. వానిని బయటకు తీసి, వీధిబడి పిల్లలను ఒక దినము మండువాలో కూర్చుండబెట్టి చదివి వినిపింపుడు. వారిలో ఆ పాలేరుల మనుమలును ఉందురు. వారడుగు ప్రశ్నలు మనకు రుచింపకపోవచ్చును. పరాయివాని యింట సత్యమును వెదకి, మన యింట దీపమార్పుట న్యాయము కాదు.

విదేశీయుడు పోయినాడు, ఇండ్లు మిగిలినవి. అవి నోరులేనివి. వాని పక్షమున మనమేమి పలుకుదుమో అదియే రేపటి చరిత్ర యగును. ధవళేశ్వరమున నా బాలిక యడిగిన ప్రశ్నకు ఇంకను సమాధానము రావలసియున్నది. రాబోవు యాత్రాకాలములోపుగా నైనను ఆమెకు బదులు చెప్పుటకు ఉపాధ్యాయులును, అధికారులును, మా పాఠకులును పూనుకొందురని మేము విశ్వసించుచున్నాము.